గుండ్లకమ్మ ఒడ్డున సర్కారూ మతమూ

(నల్లమల తూర్పు వాలున: 9వ భాగం)

కిందటి భాగంలో గుండ్లకమ్మ వెంబడి నడిచి కంభం చెరువు కట్ట మీద ఆగాం. ఈసారి ఆ కట్ట దిగి రైలెక్కుదాం. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే బండి దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం మీదుగా గిద్దలూరు చేరుతుంది. ఆ తర్వాత దిగువమెట్ట దగ్గర నల్లమలలోకి దూరుతుంది. మార్కాపురం నుంచి గిద్దలూరుకు మహా అయితే గంటన్నర ప్రయాణం. దారి పొడుగునా మెట్ట చేలు, పలకరాతి గుట్టలు, పడమట నీలంగా కొండల వరస.

ఈ గంటన్నర దారిలో నూరేళ్ల కిందట రెండు లోకాలుండేవి. దొనకొండ, మార్కాపురం, కంభం ఊళ్లలో అమెరికన్ బాప్టిస్టుల మిషను బంగ్లాలు. గిద్దలూరులో ఎస్.పి.జి. మిషను, అంటే ఇంగ్లండు రాజు అధిపతిగా ఉన్న ఆంగ్లికన్ సంఘానికి చెందినది. ఇద్దరూ చదివేది అదే బైబిలు. ఇద్దరి దగ్గరకూ వచ్చింది మన మాల, మాదిగ పల్లెల జనమే. గిద్దలూరు వైపు ఎక్కువగా మాలలు, కంభం, మార్కాపురాల వైపు ఎక్కువగా మాదిగలు. కానీ సర్కారుకూ మతానికీ మధ్య ఎంత దూరం ఉండాలి అన్న ప్రశ్న దగ్గర ఈ రెండు సంఘాలూ రెండు దిక్కులు. ఒకరి దేశంలో రాజే సంఘానికి పెద్ద. ఇంకొకరి దేశంలో సర్కారు మతం జోలికి రాకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

మన రాజ్యాంగ ప్రవేశికలోకి 'లౌకిక' అనే మాట 1976లో వచ్చింది. ఆ మాట వెనకున్న తగాదా మాత్రం అంతకు నూరేళ్ల ముందే, 1876లో వచ్చిన ధాత కరువు నాటికే, ఈ నేల మీద నడుస్తోంది. ఆ కథే ఈ భాగం.

గుళ్లను ఏలిన కంపెనీ

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలం అన్న పేరు అందుకే. కంపెనీ దొరలు క్రైస్తవులు. అయినా వాళ్లు మతం పేరుతో మొదట చేసిన పెద్ద పని హిందూ దేవాలయాల పాలన. మద్రాసు సర్కారు 1817లో ఏడో రెగ్యులేషను తెచ్చి గుళ్ల మాన్యాలు, సత్రాలు, ధర్మాదాయాలు రెవెన్యూ బోర్డు చేతికి ఇచ్చింది. గుడి లెక్కలు చూడటం, ధర్మకర్తలను పెట్టటం, ఉత్సవాలు సజావుగా సాగేలా చూడటం కలెక్టరు పనుల్లో భాగమయ్యాయి. పాత రాజులు చేసిన పనే కంపెనీ చేసింది. ఏలేవాడు గుడిని కాయాలన్నది జనం నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదంటే శిస్తు రాదని కంపెనీకి తెలుసు.

దీని మీద మొదట తిరగబడింది కంపెనీ కొలువులోని క్రైస్తవులే. విగ్రహారాధన ఉత్సవాలకు తమ చేత సైనిక వందనాలు చేయించటం అన్యాయమని మద్రాసు క్రైస్తవ ఉద్యోగులు, పాదిరీలు 1836లో అర్జీ పెట్టుకున్నారు. మద్రాసు సైన్యాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్లండ్ ఈ విషయం మీదే 1838లో పదవి వదులుకున్నాడు. ఒత్తిడి పెరిగి కంపెనీ వెనక్కి తగ్గింది. 1843లో తిరుమల ఆలయ పాలన హాథీరాంజీ మఠం మహంతుల చేతికి పోవటం ఆ వెనకడుగులో భాగమే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హిందూ గుడి నుంచి సర్కారు తప్పుకోవాలని పట్టుబట్టిన ఆంగ్లికన్లు తమ బిషప్పుల జీతాల దగ్గర ఆ మాట అనలేదు. కలకత్తా బిషప్పు పదవి 1814లోనూ, మద్రాసు బిషప్పు పదవి 1835లోనూ ఏర్పడ్డాయి. వాళ్ల జీతాలు హిందూదేశపు ఖజానా నుంచే వెళ్లాయి. ఆ ఖజానాలో కంభం చెరువు కింద వరి పండించిన రైతు కట్టిన శిస్తూ ఉంది.

1857 తిరుగుబాటు తర్వాత 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన వచ్చింది. తాను క్రైస్తవాన్ని నమ్ముతున్నానని, అయితే ఆ నమ్మకాన్ని ప్రజల మీద రుద్దే హక్కు గానీ కోరిక గానీ తనకు లేవని రాణి చెప్పింది. మతం కారణంగా ఎవరినీ ఆదరించటం ఉండదు, ఎవరినీ బాధించటం ఉండదు. క్రైస్తవ రాజ్యం ఒకటి పరమత ప్రజలకు ఇచ్చిన గట్టి హామీ ఇది. కడప, బళ్లారి జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తెచ్చి కలిపి కర్నూలును కలెక్టరేటు చేసిందీ ఆ ఏడాదే. 1970లో ఒంగోలు జిల్లా పుట్టేదాకా మన మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే.

కానీ ఆ ప్రకటనలోనే ఇంకో హామీ కూడా ఉంది. ఈ దేశపు పాత హక్కులను, ఆచారాలను, కట్టుబాట్లను మన్నిస్తామన్నది రెండో హామీ. మొదటి హామీ మనిషి మనసుకు స్వేచ్ఛ ఇచ్చింది. రెండో హామీ ఊరి పెద్దల చేతికి బలమిచ్చింది. ఊరి బావిలో మాదిగ కడవ ముంచకూడదన్నదీ ఆచారమే కదా. ఈ రెండు హామీలూ ఎదురుపడిన చోటే మన కథ మొదలవుతుంది.

తాళ్లకొండపాడు పేరయ్య

కనిగిరి వైపు తాళ్లకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ల వ్యాపారి. బేరం మీద ఏలూరు దాకా తిరిగినవాడు. క్రైస్తవం చెవిన పడకముందే దేవుణ్ణి వెతుక్కున్నవాడు. ఆ రోజుల్లో మన మెట్ట పల్లెల్లో యోగులుండేవారు, రాజయోగం చెప్పే గురువులుండేవారు, పోతులూరి వీరబ్రహ్మం పేరు చెప్పుకునే శిష్య పరంపరలుండేవి. దేవుడొక్కడే, కులాలు మనుషులు పెట్టినవి అన్న మాట మాదిగ వాడలకు కొత్త కాదు. మిషనరీలు రాకముందే అక్కడి జనం ఆ దారిలో చాలా దూరం నడిచి ఉన్నారు. మతం మారటమంటే ఎవరో వచ్చి మార్చటమే అనుకునేవాళ్లు పేరయ్య జీవితం ఒకసారి చూడాలి. వెతికింది ఆయన, దారి ఎంచుకున్నదీ ఆయనే.

1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డాడు. జనం ఆయన్ను క్లౌ దొర అన్నారు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో బాప్టిస్టు సంఘం మొదలైంది.

మొదటి పరీక్ష బడి దగ్గర వచ్చింది. ఒంగోలు మిషను బడికి బ్రాహ్మణ పిల్లలు వచ్చేవారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే తమ పిల్లలను పంపమని పెద్దలు చెప్పారు. పైకులాలవాళ్లు వస్తే వెనకే ఊరంతా వస్తుందని అప్పటి మిషనరీల ఆశ. క్లౌ దంపతులు బైబిలు ముందు పెట్టుకుని ఆలోచించి మాదిగలనే ఎంచుకున్నారు. బడి ఖాళీ అయింది. తర్వాతి నూటయాభై ఏళ్ల ప్రకాశం జిల్లా చరిత్రలో ఆ రోజు ఒక మలుపు.

రెండో పరీక్ష పల్లెల్లో వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఆదివారం పని చెయ్యరు, చచ్చిన గొడ్డు మాంసం తినరు, జాతరలో అమ్మవారి ముందు డప్పు కొట్టరు. బయటివాళ్ల కళ్లకు ఇవి మత నియమాలు. ఊరికి మాత్రం ఇది వెట్టి మీద తిరుగుబాటు. డప్పు కొట్టటం ఊరి పట్ల మాదిగ బాధ్యత. గొడ్డును ఈడ్చుకుపోవటం, మోట బొక్కెన కుట్టటం, పిలిచినప్పుడు పొలానికి రావటం, వీటన్నిటికీ కలిపి కళ్లంలో కొలిచే గింజలే అతని కూలి. ఒక కొస తెంపితే మొత్తం తెగుతుంది. కరణం, మునసబు కోపగించారు. పనులు ఆపారు, నీళ్ల దారి మూశారు, దొంగతనం అంటగట్టి కేసులు పెట్టారు. 

అప్పుడు జనం సర్కారు వైపు చూశారు. సర్కారు ఏమని జవాబివ్వాలి? రాణి మొదటి హామీ ప్రకారం మాదిగను అతని నమ్మకం కోసం ఎవరూ బాధించకూడదు. రెండో హామీ ప్రకారం ఊరి ఆచారాన్ని సర్కారు కదిలించకూడదు. ఇంగ్లిషు అధికారులు ఒక్కోచోట ఒక్కో రకంగా తేల్చారు. కింద కచేరీలో కూర్చున్న గుమాస్తాలు మాత్రం ఎప్పుడూ రెండో హామీ వైపే ఉన్నారు. సర్కారు చేతులు కట్టుకుని నిలబడటాన్ని తటస్థం అంటారు. ఊళ్లో ఒకడి చేతిలో బావి ఉండి, ఇంకొకడి చేతిలో ఖాళీ కడవ ఉన్నప్పుడు ఆ తటస్థం ఎవరి పక్షమో కడవ మోసేవాడికి తెలుసు.

ధాత కరువులో ఒక గోడ

1876లో వానలు మొగం చాటేశాయి. ధాత నామ సంవత్సరం. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కల్లో 9 లక్షల 14 వేల పైచిలుకు జనం ఉంటే 1881 నాటికి మిగిలింది 6 లక్షల 78 వేల మంది. నలుగురిలో ఒకరు లేరు. కంభం, మార్కాపురం, గిద్దలూరు ఆ లెక్కలోవే. చచ్చినవారు కొందరు, వలస పోయినవారు కొందరు. వాళ్లలో ముందు నేలకొరిగింది గింజలు కొలిపించుకు తినే కూలి జనం. కళ్లమే లేనప్పుడు కొలిచేదేముంది?

సర్కారు కరువు పనులు పెట్టింది. వాటిలో పెద్దది బకింగ్‌హాం కాలువ తవ్వకం. ఒంగోలు వైపు ఆ కాలువలో మూడున్నర మైళ్ల మేర తవ్వే కాంట్రాక్టును క్లౌ దొర తీసుకున్నాడు. కొలతలు, లెక్కలు చూసుకుని, తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. పడమటి మెట్ట నుంచి జనం నడిచి వచ్చారు. తట్ట ఎత్తినవాడికి కూలి, ఏ కులం, ఏ మతం అన్న ప్రశ్న లేదు.

ఇక్కడ క్లౌ చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే అమెరికా బాప్టిస్టుల పూర్వకథ తెలియాలి. అమెరికా స్వతంత్రం కాకముందు వర్జీనియాలో ఆంగ్లికన్ సంఘానిదే రాజ్యం. అనుమతి లేకుండా బోధించినందుకు బాప్టిస్టు బోధకులను జైల్లో వేశారు. కనెక్టికట్‌లో వేరే సంఘం కోసం బాప్టిస్టులు పన్ను కట్టాల్సి వచ్చేది. అక్కడి డాన్బరీ బాప్టిస్టులు 1801లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు మొర పెట్టుకుంటే, 1802 జనవరి 1న ఆయన రాసిన జవాబులోనే సంఘానికీ రాజ్యానికీ మధ్య గోడ అన్న పోలిక వచ్చింది. మతానికి సర్కారు అండ అక్కర్లేదు అన్నది బాప్టిస్టులు దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం. మన దేశానికి వచ్చినప్పుడూ వాళ్లకు ఆ దెబ్బ తగిలింది. అమెరికా బాప్టిస్టు మిషనరీల్లో మొదటివాడైన అడోనిరాం జడ్సన్ 1812లో కలకత్తాలో దిగితే క్రైస్తవ కంపెనీయే ఆయన్ను వెళ్లగొట్టింది. ఆయన బర్మా చేరుకున్నాడు.

ఆ పాఠం కాలువ గట్టు మీద పనికొచ్చింది. క్లౌ చేతిలో సర్కారు డబ్బు ఉంది, కరువు సాయం నిధులున్నాయి. వేలమంది ఆయన నీడలో బతుకుతున్నారు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. సాయం పంచుతున్నంత కాలం, దాదాపు పదిహేను నెలల పాటు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో తేలనప్పుడు ఇవ్వకూడదని నిశ్చయించుకున్నాడు. తన దేశపు రాజ్యాంగంలో కాగితం మీద ఉన్న గోడను ఆయన ఒక కాలువ గట్టు మీద కట్టి చూపించాడు. ఒక పక్క కూలి, ఇంకో పక్క నమ్మకం. రెండిటినీ కలవనివ్వలేదు.

1878 జూన్ నాటికి వానలు పడ్డాయి, సాయం ముగిసింది. ఇక తన దగ్గర ఇవ్వటానికేమీ లేదని ఆయన జనానికి చెప్పాడు. అయినా వాళ్లు తిరిగి వెళ్లలేదు. ఒంగోలుకు ఉత్తరంగా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున గుమిగూడారు. జులై 3న ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ ఏడాది చివరికి ఆ లెక్క తొమ్మిదివేలు దాటింది.

గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం మెట్టల పక్కగా సాగి వెల్లంపల్లికి చేరుతుంది. ఆ రోజు నీళ్లలో దిగినవాళ్లలో ఈ పడమటి పల్లెలవాళ్లూ ఉన్నారు. వాళ్ల వెనకే మిషను కూడా పైకి నడిచి వచ్చింది. 1882లో కంభంలో, 1895లో మార్కాపురంలో, 1903లో దొనకొండలో బాప్టిస్టు మిషను కేంద్రాలు వెలిశాయి.

గిద్దలూరు దారి

ఎస్.పి.జి. దారి వేరు. కడప వైపు 1840ల్లో చేతికి వచ్చిన సంఘాలతో మొదలై ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు, నంద్యాల దాకా పల్లె పల్లెకూ పాకింది. పల్లెలో ఒక బడి, ఒక ఉపదేశి, ఆదివారం ఆరాధన, పగలు పలక పట్టిన పిల్లలు. పాదిరీల మనసు ఎంత గొప్పదైనా, ఎస్.పి.జి. రాజు మతానికి చెందినది కాబట్టి జనం కళ్లకు కలెక్టరు గుడీ, తమ గుడీ ఒకటే. ఆ పోలిక కొన్నిచోట్ల రక్షణ, కొన్నిచోట్ల నింద. దొరల మతంలో కలిశాడు అన్న మాట పల్లె మనిషి మీద పడింది. ఆ మాట అతని తర్వాతి మూడు తరాలను వెంటాడింది.

ఈ ముడిని ఆంగ్లికన్లే విప్పుకోవాల్సి వచ్చింది. 1927లో బ్రిటిషు పార్లమెంటు చేసిన ఇండియన్ చర్చి చట్టం 1930లో అమలయ్యాక ఇక్కడి ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండు రాజమతం నుంచి చట్టరీత్యా విడిపోయింది. అప్పటికి దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912లో పదవిలోకి వచ్చిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. కర్నూలు, కడప జిల్లాల ఎస్.పి.జి. సంఘాలు ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. సంఘానికి భారతీయ రూపం ఉండాలని పాటుపడ్డవాడు ఆయన.

1932లో కమ్యూనల్ అవార్డు వచ్చి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు అజరయ్య దాన్ని వ్యతిరేకించాడు. మతాన్ని బట్టి ఓటర్లను విడగొడితే సంఘం ఒక రాజకీయ కోట అయిపోతుందని, పొరుగువాడి దగ్గరకు వెళ్లే దారి మూసుకుపోతుందని ఆయన భయం. ఆ వ్యతిరేకత నిలవలేదు. 1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలో భారతీయ క్రైస్తవులకు ఎనిమిది సీట్లు వచ్చాయి.

మరుసటి ఏడు ఇంకొక ఉత్తర్వు వచ్చింది. 1936 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. భారతీయ క్రైస్తవుడెవరూ షెడ్యూల్డు కులస్థుడుగా లెక్కకు రాడని అందులో రాశారు. ఎనిమిది సీట్లు ఇచ్చిన చేత్తోనే సర్కారు ఈ గీత గీసింది. మార్కాపురం పల్లెలో చెప్పులు కుట్టే మనిషికి ఆ ఎనిమిది సీట్లతో ఏం పని? అతనికి కావలసినవి బావి, బడి, కాస్త భూమి. అవి కులం లెక్కలో ఉన్నాయి, మతం లెక్కలో లేవు.

1950: కాగితం మీద కులం, కాగితం మీద మతం

స్వతంత్రం వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, ఏర్పడింది. మన నంద్యాల, గిద్దలూరు వైపు దాదాపు 35 వేల మంది ఆంగ్లికన్లు పాత కట్టుబాటు వదలలేక అందులో చేరలేదు. చాలా ఏళ్లకు గానీ ఆ ప్రాంతపు మేత్రాసనం సి.ఎస్.ఐ.లో కలవలేదు. కొత్త సర్కారు ఆ తగాదాలో వేలు పెట్టలేదు. ఏ సంఘం ఎందులో చేరాలన్నది ఆ సంఘం ఇష్టం. లౌకిక రాజ్యం అంటే ఏమిటో గిద్దలూరు జనం చూసిన మొదటి పాఠం అదే అనుకోవచ్చు.

రాజ్యాంగ సభలో మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు బెంగాలీ క్రైస్తవుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. మతాన్ని నమ్మటం, ఆచరించటంతో పాటు ప్రచారం చేసే హక్కు కూడా ఉండాలా అన్న మాట మీద సభలో 1948 డిసెంబరులో గట్టి చర్చ జరిగింది. ఆ హక్కు ఉండాలని వాదించినవాళ్లలో హిందూ సభ్యులూ ఉన్నారు. 25వ అధికరణంలో ఆ మాట నిలిచింది. మతం పేరిట చట్టసభల్లో ప్రత్యేక సీట్లు వద్దన్న తీర్మానం 1949లో వచ్చింది. అజరయ్య చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. ఆయన కోరింది దక్కింది.

రాణి రెండు హామీల మధ్య నలిగిన ప్రశ్నకు మన రాజ్యాంగం సూటిగా జవాబిచ్చింది. 25వ అధికరణం మనసుకు స్వేచ్ఛ ఇచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆచారం పేరుతో బావిని మూసేసే హక్కు ఇక ఎవరికీ లేదు. సర్కారు చేతులు కట్టుకుని నిలబడటం కాదు, మూసిన చోట వెళ్లి తెరిపించాలి. తెల్లదొరలు ఇవ్వలేని తటస్థం ఇది.

ఆ రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడుగా లెక్కకు రాడని దాని మూడో పేరా చెప్పింది. 1936 నాటి గీత కొత్త రూపంలో నిలబడింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లోపలికి తీసుకున్నారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు.

మన రాష్ట్రం తన చేతనైనంత చేసింది. అనంతరామన్ కమిషన్ సిఫారసు మీద 1970లో బీసీ జాబితా చేసినప్పుడు మతం మారిన దళితులను 'సి' గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చింది. 1977లో మరికొన్ని రాయితీలిచ్చింది. కానీ చట్టసభలో సీటు, ఉద్యోగంలో ఎస్సీ వాటా, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ, ఇవి కేంద్రపు ఉత్తర్వుతో ముడిపడ్డవి. పంచాయితీ సుప్రీంకోర్టుకు చాలాసార్లు వెళ్లింది. మాదిగ వంశపు క్రైస్తవ తల్లిదండ్రుల కొడుకు ఒకరు హిందువుగా మారి గుంటూరు మెడికల్ కాలేజీలో ఎస్సీ సీటు అడిగితే, కులస్థులు తమలో కలుపుకుంటే పాత కులం తిరిగి వస్తుందని 1976లో కోర్టు చెప్పింది. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు, తోటి పనివాళ్లకు సర్కారు ఇచ్చిన బంకు తనకెందుకివ్వరని అడిగాడు. మతం మారాక కూడా అదే తీరున అణచివేత ఉందని రుజువు చూపలేదని 1985లో కోర్టు ఆ అర్జీ కొట్టేసింది.

ఆ 1985లోనే జులై 17న అప్పటి మన జిల్లా తూర్పున కారంచేడులో మాదిగల ఊచకోత జరిగింది. చనిపోయిన ఆరుగురు మాదిగల్లో బైబిలు పేర్లున్నవాళ్లు ఉన్నారు. గొడ్డళ్లు ఎత్తినవాళ్లు ఎవరి మతమేమిటని అడగలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లోనూ, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలోనూ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించాయి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఇదే చెప్పింది. 2022లో కేంద్రం ఈ విషయం మీద కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి వెళ్లినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

అవతలి ఒడ్డు నుంచి చూస్తే

అవతలి వాదనలో బలం లేదని నేననను. అంటరానితనం హిందూ సమాజపు గాయం కాబట్టి మందు అక్కడే రాయాలన్నది ఒక మాట. కులం లేదని చెప్పే మతంలోకి వెళ్లి కులం పేరుతో సాయం అడగటమేమిటన్నది ఇంకో మాట. ఉన్న వాటా పంచుకోవాల్సి వస్తుందని హిందూ దళితుల్లో ఉన్న భయం ఆకలి పుట్టించిన భయం. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. చర్చిలో కులం పోయిందా అంటే, మన ప్రాంతంలోనే మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరుగా ఉన్న ఊళ్లు లెక్కపెట్టవచ్చు. ఆ తప్పు సంఘానిది, ఆ సంఘమే దిద్దుకోవాలి.

అయినా ప్రశ్న అలాగే ఉంది. మనిషి వాడ మారలేదు, పని మారలేదు, ఊరు అతన్ని చూసే చూపు మారలేదు. మారింది ఆదివారం అతను వెళ్లే చోటు. ఆ ఒక్కటి చూసి అతనికి రావలసింది ఆపటం మతం విషయంలో సర్కారు తటస్థంగా ఉండటమేనా?

ఇప్పుడు ఒక్కసారి సముద్రం దాటి చూద్దాం. క్లౌను మనకు పంపిన దేశానికి ఈ యాభై ఏళ్లలో లక్షలమంది తెలుగువాళ్లు వెళ్లారు. ఒకప్పుడు పేరుకే అయినా క్రైస్తవ దేశం అనిపించుకున్న నేల మీద వెంకటేశ్వరుడి గుళ్లు కట్టారు. పిట్స్‌బర్గ్ గుడి 1970ల్లోనే వెలిసింది. 2000 సెప్టెంబరు 14న ఒహాయో రాష్ట్రంలోని పార్మా శివవిష్ణు ఆలయ పూజారి వెంకటాచలపతి సముద్రాల అమెరికా ప్రతినిధుల సభను ప్రార్థనతో ప్రారంభించారు. అక్కడి కాంగ్రెసులో హిందూ పూజారి చేసిన తొలి ప్రార్థన అది. ఇది క్రైస్తవ దేశం కదా అని అభ్యంతరం చెప్పినవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ ఆ గుళ్లనూ ఆ ప్రార్థననూ కాచింది ఎవరు? జైళ్లకు వెళ్లి రాజ్యానికీ మతానికీ మధ్య గోడ అడిగిన పాత బాప్టిస్టులే. వాళ్లు తమ కోసం అడిగిన గోడ నీడలో ఇవాళ మన మార్కాపురం నుంచి వెళ్లిన ఇంజనీరు కొడుకు తన ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నాడు.

ఇక్కడ ఎక్కువమంది ఉన్న మతం అక్కడ కొద్దిమంది మతం. అక్కడ ఎక్కువమంది ఉన్న మతం ఇక్కడ కొద్దిమంది మతం. మనవాళ్లకు అక్కడ ఏ న్యాయం కోరుకుంటామో అదే న్యాయం ఇక్కడి పల్లె క్రైస్తవుడికి ఇవ్వాలి. నాకు తెలిసినంతలో లౌకిక రాజ్యం అనే పెద్దమాటకు అర్థం అంతే.

పలక మీద రాత

మార్కాపురం అంటే పలకలు. దేశంలో ఎన్నో బళ్లలో పిల్లలు అక్షరాలు దిద్దింది ఈ గుట్టల రాయి మీదే. మిషను బడిలో మొదటిసారి పలక పట్టిన మాదిగ పిల్లవాడికి ఆ రాయి ఒక హామీ. తప్పు రాస్తే చెరుపుకుని మళ్లీ రాసుకోవచ్చు.

తహసీల్దారు కచేరీలో ఇచ్చే కాగితం అలాంటిది కాదు. మన పల్లెల్లో ఒకే తల్లి బిడ్డలు, ఒకే గుడిసెలో పెరిగి, ఒకే చర్చిలో ఆదివారం పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి కాగితంలో ఎస్సీ, ఇంకొకరి కాగితంలో బీసీ-సి. దేవుడి ముందు నిజం చెప్పినవాడు కచేరీలో నష్టపోతాడు. కచేరీలో లాభం కోరినవాడు దేవుడి పేరు దాచుకుంటాడు. ధాత కరువులో క్లౌ దొర సాయం చేతిలో ఉన్నంత కాలం బాప్తిస్మం ఇవ్వనన్నది ఇలాంటి అబద్ధం పుట్టకూడదనే. గంజికీ దేవుడికీ ముడి పెట్టకూడదని ఆయన కట్టిన గోడను 1936లో ఒక సర్కారు, 1950లో ఇంకో సర్కారు అటు పక్క నుంచి పడగొట్టాయి. ఆయన దేవుణ్ణి నమ్మితే గంజి అనలేదు. ఈ ఉత్తర్వులు ఫలానా దేవుణ్ణి నమ్మితే గంజి లేదన్నాయి. రెండు మాటల్లోనూ ఉన్న ముడి ఒక్కటే.

ఆ ముడి విప్పే పని పార్లమెంటుది. ఎలా విప్పినా హిందూ దళితుడి చేతిలో ఉన్నది తగ్గకూడదు, అందుకు వాటా పెంచే దారులు వెతకాలి. కానీ ఈ మనిషి వెనకబాటును కొలిచేటప్పుడు అతని వాడ చూడండి, బావి చూడండి, కూలి చూడండి. అతను ఎవరికి మొక్కుతాడో అతనికే వదిలేయండి. వెల్లంపల్లి నీళ్లలో దిగిన ఆ 2,222 మంది సర్కారును వేరే ఏమీ అడగలేదు.

(వచ్చే భాగంలో: దిగువమెట్ట దాటి నల్లమలలోకి రైలు దారి)